నేను అడిగిన కౌన్సిలర్ వేరు

శిక్షణా విభాగం ఉన్నతాధికారి గారి సముఖమునకు,
వృత్తి శిక్షణ కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా వెల్డింగ్ నేర్పుచున్న బోధకుడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శిక్షణార్థి ఒకడు వార్డు కౌన్సిలర్ గారిని సుత్తితో కొట్టిన సంఘటన – అందులో నా చేతిరాత దోషము, నా చేతి దెబ్బ దోషము – శిక్షణార్థి పేరు కొట్టివేయరాదని, మనసు వైద్యం తెలిసిన మనిషిని వెంటనే పంపవలెనని మనవి – గురించి.

పై విషయంలో తమరు పంపిన సంజాయిషీ నోటీసు అందినది. మూడు రోజుల్లోగా క్లుప్తంగా జవాబివ్వమన్నారు. మూడు రోజుల్లోగానే ఇస్తున్నాను. క్లుప్తంగా మాత్రం నా వల్ల కాదు. కుడి చేతికి కట్టు ఉన్నందున ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు కోడి గీతల్లా ఉంటే మన్నించవలెను.

1. మా విభాగంలో ముప్పై ఇద్దరు శిక్షణార్థులు కలరు. పద్దెనిమిది మొదలు ఇరవై నాలుగేళ్ల లోపు వారు. వీరిలో తొమ్మిది మందికి ఏదో ఒక మత్తు అలవాటున్నదని నాకు తెలియును. ఎట్లు తెలియునని తమరు అడగవచ్చు. రాడ్డు పట్టిన చేయి వణికితే ఇనుము మీద గీత వంకరపోతుంది, అంతకు మించిన పరీక్ష అక్కర్లేదు. గడచిన ఆరు నెలల్లో ఇద్దరు కలబడి ఒకడు రెండోవాడి చెవి తమ్మె కొరికివేసినాడు. మరొకడు మరుగుదొడ్డి గోడకు తల బాదుకొని నుదురు చీల్చుకున్నాడు. ప్రథమ చికిత్స పెట్టెలో దూది లేనందున యంత్రాలు తుడిచే గుడ్డతో కట్టు కట్టాను. ఇవన్నీ ‘స్వల్ప ప్రమాదములు’ అను శీర్షిక కింద తమ కార్యాలయానికి చేరినవి.

2. ఇట్టి పరిస్థితులలో, పిల్లలతో మాట్లాడుటకు వారానికొకసారి ‘ఒక కౌన్సిలర్‌ను పంపవలెను’ అని నాలుగు అర్జీలు పెట్టుకొంటిని. మొదటి మూడూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయినవి. నాలుగో దానికి ‘పంపబడును’ అని జవాబు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని, ఈ వయసులో, వరండాలో గంతులేశాను.

అయ్యా, మనసులో బాధ విని దారి చెప్పేవాళ్లనూ కౌన్సిలర్ అంటాం. ఓట్లతో గెలిచి వార్డులో మురిక్కాలువలు చూసేవారినీ కౌన్సిలర్ అంటాం. మన రాతలో రెండూ ఒకటే. ‘మానసిక’ అని ముందొక్క ముక్క చేర్చి ఉంటే సరిపోయేది. నేను చేర్చలేదు. తమ కార్యాలయంలో ఎవరూ అడగలేదు.

3. సదరు శిక్షణార్థి వయసు ఇరవై ఒకటి. రెండు ఇనుప ముక్కలను పూర్తిగా అతికే ముందు చిన్న చుక్కతో పట్టి ఉంచడాన్ని మేము టాకా అంటాం. చేరిన రెండో రోజే వాడు వేసిన టాకాను నేను సుత్తితో కొట్టినా ఊడలేదు. అప్పటినుంచి వాడి పేరే టాకా అయింది. వాడికున్నది ఒక్క అక్క, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఇక్కడికి రాకముందు బస్తాలు మోసేటప్పుడు నడుము నొప్పికని మొదలుపెట్టిన మాత్రలు వాణ్ణి పట్టుకున్నాయి. ఇప్పుడు నొప్పి లేదు, మాత్రలున్నాయి.

నేను వాడితో, “గురువారం కౌన్సిలర్ వస్తున్నారు రా. నీతో ఒక్కడితోనే మాట్లాడతారు. అప్పటిదాకా ఆ దరిద్రం ముట్టుకోకు” అన్నాను. నా మాట మీద వాడు నాలుగు రోజులు ఆపేశాడు. అట్లా ఒక్కసారిగా, వైద్యుడు లేకుండా ఆపకూడదట. తర్వాత ఆసుపత్రిలో చెప్పారు. మూడో రోజు వాడి అక్క ఫోను చేసింది.

“మాస్టారండీ, వాడు దుప్పటి కొరికి చింపేస్తున్నాడండీ. చిగుళ్లలోంచి రక్తం కారుతోంది. నన్ను గోడకేసి తోశాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లనా?”

“ఒక్క రోజు ఓపిక పట్టమ్మా, ఆ పెద్దాయన వచ్చేస్తున్నాడుగా” అన్నాను. నా నోరు పడిపోను.

4. గురువారం పదకొండు గంటలకు కారు దిగినది వార్డు కౌన్సిలర్ గారు. వెనుక నలుగురు మనుషులు, ఒక ఫొటో తీసేవాడు. మా ప్రిన్సిపాల్ గారు నా చెవిలో, “అడిగావుగా, వచ్చారు. ఆ ముఖం కాస్త నవ్వుతూ పెట్టు” అన్నారు. కౌన్సిలర్ గారు చెడ్డవారని నేననను. పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని పిలిస్తే వచ్చారు, చెప్పుకుపోతున్నారు.

టాకా లేచి ముందుకు వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. చేతిలో మడిచిన రెండు కాగితాలు. “సార్, విడిగా మాట్లాడతారని మాస్టారు చెప్పారండి” అన్నాడు.

“విడిగా ఏంటయ్యా? ఇక్కడ పరాయివాళ్లెవరున్నారు?” అని ఆయన కాగితాలు అందుకుని మైకులో చదివారు. ‘మా అమ్మ చనిపోయిన రోజు పొద్దున అక్క నన్ను లేపింది. నేను లేవలేదు. మాత్రలు ఎక్కువ వేసుకున్నాను. లేచేసరికి అంతా అయిపోయింది.’

“ఇదేం మొద్దు నిద్రరా నాయనా!” అన్నారు ఆయన. వెనుక వరుసలో ఇద్దరు నవ్వారు. ఆయనా నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

5. తరువాత జరిగినది నోటీసులో తప్పుగా ఉన్నందున సవరించుచున్నాను. వెల్డింగ్ అతుకు మీద పేరుకునే చిట్టెం పెచ్చు కొట్టే మొనదేలిన సుత్తి బల్లమీద ఉంది. మొదటి దెబ్బకు కౌన్సిలర్ గారి మెడ కింది ఎముక విరిగింది. నేను అడ్డు పోతే రెండోది నా కుడి చేతి మీద పడి రెండు వేళ్లు నలిగినవి. మూడోది మైకుకు తగిలి, అది పెట్టిన అరుపు మా అందరి చెవుల్లోంచి దూసుకుపోయింది. అంతటితో సుత్తి వాడి చేతిలోంచి జారిపోయినది.

‘శిక్షణార్థి పారిపోవుచు కింద పడుటవలన చేయి విరిగినది’ అని ప్రిన్సిపాల్ గారు నివేదిక పంపినారు. అది అబద్ధము. వాడు పారిపోలేదు, పడలేదు. సుత్తి పోయాక రెండు చేతులూ నావైపు చాచి “మాస్టారూ” అన్నాడు. నేను ఎడమ చేత్తో పట్టకారు అందుకుని, సుత్తి పట్టిన ఆ చేతి మీదే కొట్టాను. మూడు సార్లు కొట్టాను. మొదటిసారి కోపంతో, రెండోసారి భయంతో. మూడోసారి ఎందుకు కొట్టానో ఇప్పటికీ తెలియదు. ఎముక విరిగిన చప్పుడు చెవిన పడ్డాకనే కొట్టాను. అది వాడు రాడ్డు పట్టే చేయి. ఇక పట్టగలడో లేదో చెప్పలేమంటున్నారు.

6. కావున తమరిని వేడుకొనునది. వాడి పేరు శిక్షణ జాబితా నుంచి కొట్టివేయరాదు. వాడు శిక్షణలో ఉన్నట్టు తమ ఉత్తరం ఉంటే సోమవారం న్యాయస్థానం వాణ్ణి జైలుకు కాక మత్తు మాన్పించే ఆసుపత్రికి పంపవచ్చునని వకీలు గారు అంటున్నారు. కౌన్సిలర్ గారికి జరిగిన దానికి వాడికి ఏ శిక్ష పడినా పడనివ్వండి, ముందు వాడు బతకవలెను. వాడి చేయి విరగ్గొట్టినందుకు నా మీద వేరుగా కేసు పెట్టవలెను. మిగిలిన ఎనిమిది మంది కోసం మానసిక వైద్యం చదువుకున్న మనిషిని పంపవలెను. ఆడవారైనా సరే, మగవారైనా సరే, ఎంత చిన్నవారైనా సరే. మైకు లేకుండా వచ్చి, తలుపు వేసుకుని కూర్చుని వినగలిగితే చాలు.

ఎడమచేతి రాతలో తప్పులుంటే దిద్దుకొని, నిజమున్న చోట ఒక్క క్షణం ఆగి చిత్తగించవలెను.

ఇట్లు,
ఉద్యోగం ఉన్నంతవరకు
తమ విధేయుడు,
వెల్డింగ్ బోధకుడు

తాజా కలం: ఈ అర్జీని ఈ ఉదయం జైలు ఆసుపత్రికి తీసుకుపోయి వాడికి చదివి వినిపించాను. మంచానికి గొలుసు వేసి ఉంచారు. పెదవులు కొరుక్కుని పుండు చేసుకున్నాడు. అయిదో అంశం దగ్గర, “అది తీసేయండి మాస్టారూ, మీ ఉద్యోగం పోతుంది. పడ్డాననే చెప్తాలెండి” అన్నాడు. నేను తీయలేదు.

లేచి వచ్చేటప్పుడు, “సోమవారం దాకా ప్రాణం గట్టి చేసుకోరా” అన్నాను.

“ఎందుకు మాస్టారూ?” అన్నాడు. కోపంగా కాదు. పాఠం అర్థం కానప్పుడు అడిగినట్టే అడిగాడు.

నేను అర్జీ మడుచుకుని వచ్చేశాను. రేపు పదకొండు గంటలకు నన్ను మళ్లీ లోపలికి వదులుతారు. వాడు మళ్లీ అడుగుతాడు. నేనేం చెప్పాలయ్యా?