పదకొండో నిందితుడు

బ్రిడ్జ్‌వ్యూ, మే 2

వకీలు నుహా దరాగ్మా గారికి,

జాదల్లా మనాస్రా సలాములు. పాలస్తీనా కోసం నోరు విప్పి చిక్కుల్లో పడ్డ విద్యార్థుల తరఫున మీ ఆఫీసు ఉచితంగా వాదిస్తుందని మసీదు గోడ మీద చదివాను. నేనూ విద్యార్థినే. వయసు డెబ్బై రెండు. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళో చెప్పులు బాగుచేశాను. ముసలివాళ్ళకు ఫీజు లేదంటే రెండేళ్ళుగా యూనివర్సిటీలో మట్టి గురించిన పాఠం వింటున్నాను.

కిందటి నెల పిల్లలు పచ్చిక మీద డేరా వేశారు. గాజా మీద పడే బాంబుల కంపెనీల్లో యూనివర్సిటీ సొమ్ము పెట్టవద్దని వాళ్ళ కోరిక. నేను కాఫీ కాచాను. ఇప్పుడు పదిమంది పిల్లలకూ నాకూ నోటీసులొచ్చాయి. అనుమతి లేని డేరా ఒక నేరం, నినాదాలు రెండో నేరం. రుజువైతే పిల్లలకు ఈ ఏడు పట్టాలివ్వరు.

మీకు పెద్ద శ్రమ ఉండదు. డీన్ గారు బుధవారం డేరాకు వచ్చి కాఫీ తాగారు. సంగతి అక్కడితో తేలిపోయింది. ఆయనకు గుర్తుచేస్తే చాలు.

ఇట్లు,
జాదల్లా మనాస్రా

తా.క. దరాగ్మా అంటే మన పాలస్తీనాలో తూబాస్ ఊరి వాళ్ళే అయి ఉండాలి. ఎవరి అమ్మాయి?

షికాగో, మే 5

జాదల్లా గారికి నమస్కారాలు.

మీ కేసు తీసుకున్నాం. మంచి వార్త: మీరు పరీక్షలు రాసే విద్యార్థి కారు కాబట్టి ఆ నియమాలు మీకు వర్తించవు. 'నేను విద్యార్థిని కాను' అని ఒక్క వాక్యం టైపు చేసి పంపుతున్నాను. సంతకం పెట్టండి. ఒక్క రోజులో బయటపడతారు. పిల్లల సంగతి మేం విడిగా చూసుకుంటాం.

కాఫీ గురించి రాశారు. అది కేసుకు పనికిరాదు. పనికొచ్చేది ఒక్కటే: డేరాకు ఎవరైనా అనుమతి ఇచ్చారా?

మీ
నుహా దరాగ్మా

తా.క. మీరు నినాదమిస్తే పిల్లలు తిరిగి అరిచారని సెక్యూరిటీ వాళ్ళ రిపోర్టు. అవి ఏ నినాదాలో కాగితం మీద పెట్టకండి, ఫోన్లో చెప్పండి. నేను పుట్టింది ఒహాయోలో.

బ్రిడ్జ్‌వ్యూ, మే 8

నుహా గారికి,

ఫోన్లో నాకు మాటలు రావు. కాగితం మీదే పెడుతున్నాను.

అవి నినాదాలు కావు, పేర్లు. గాజాలో చనిపోయిన పసివాళ్ళ జాబితా ఒకటి పిల్లలు రోజూ చదివేవాళ్ళు. ఇక్కడ పుట్టినవాళ్ళు కదా, పేర్లు విరిగిపోతున్నాయి. మొదటి రోజు వెనక నిలబడి విని ఊరుకున్నాను. రెండో రోజు లమీస్ అనే అమ్మాయి, క్లాసులో నా పక్క కుర్చీ, నా దగ్గరికి వచ్చి, "తాతా, అలా మొహం పెట్టుకుని నిలబడకపోతే నువ్వే చెప్పొచ్చుగా" అంది. నేను ఒక్కొక్క పేరూ చెప్పాను. వాళ్ళు తిరిగి అన్నారు.

కాగితం మీద సంతకం పెట్టను. పేర్లు చెప్పినవాడు తప్పుకుని, తిరిగి అన్నవాళ్ళు దొరికిపోవడం బాగుండదు.

అనుమతి ఎవరూ ఇవ్వలేదు, మేమూ అడగలేదు. కాఫీ పనికిరాదని రాశారు. మన పద్ధతి మీకు తెలియకపోవడం మీ తప్పు కాదు, ఒహాయో తప్పు. కోరిక పెట్టుకుని వచ్చిన మనిషి కప్పు కింద పెడతాడు. ఆతిథ్యమిచ్చేవాడు సరే అనేదాకా ముట్టడు. డీన్ గారు కప్పు కింద పెట్టనే లేదు, చేతికివ్వగానే తాగారు. అంటే మా మీద ఆయనకు కోరికా లేదు, తగాదా లేదు.

జాదల్లా మనాస్రా

తా.క. రెండో కప్పు ఆయనే అడిగి తాగారు.

షికాగో, మే 13

బాబాయి గారికి,

వట్టి 'గారు'తో వరస కుదరడం లేదు, అందుకని ఇలా.

విచారణ 21న. సంతకం పెట్టనంటే పెట్టనన్నారని మా పెద్ద వకీలుకు చెప్పాను. ఆయన, "పరీక్ష లేదు, మార్కులు లేవు. పోయేదేముందని ఈయన పట్టుబడుతున్నాడు?" అని నన్ను అడుగుతున్నాడు. ఆయనకేం చెప్పమంటారు?

ఇంకో చిక్కు. అధికారులెవరూ ఆ డేరా దగ్గరికి వెళ్ళనేలేదని యూనివర్సిటీ వాళ్ళు రాసిచ్చారు. డీన్ వచ్చినట్టు మీ దగ్గర కాగితం ఏదైనా ఉందా?

నుహా

తా.క. కాఫీ పనికిరాదని రాసినందుకు క్షమించండి. ఇప్పుడు నాకు ఆ కాఫీ తప్ప ఇంకేం మిగల్లేదు.

బ్రిడ్జ్‌వ్యూ, మే 16

అమ్మా నుహా,

నేను రోజు పుస్తకం రాస్తాను. ఆ రోజు నాతో ఎవరు మాట్లాడారో అంతవరకే. ఆ వారం పేజీ నకలు పంపుతున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం. ఎవరూ లేరు.
21, సోమవారం. పచ్చిక మీద డేరా. వెనక నిలబడ్డాను. ఎవరూ మాట్లాడలేదు.
22, మంగళవారం. క్లాసు. లమీస్ పెన్ను అడిగింది. తిరిగి ఇచ్చింది. రెండుసార్లు మాట్లాడినట్టు. తర్వాత డేరా, అక్కడ మూడోసారి. నలభై పేర్లు.
23, బుధవారం. డేరా. ఉదయం 11:20కి డీన్. రెండు కప్పులు. "శుక్రవారం దాకా ఉంచుకోండి, శనివారం ఇక్కడ కుర్చీలు వేయాలి" అన్నాడు. లమీస్ కాఫీలో ఏలకులు ఎక్కువయ్యాయంది.
24, గురువారం. సెక్యూరిటీ వచ్చి డేరా పీకేశారు. అరవై పేర్లు మిగిలిపోయాయి.

బుధవారం ఒక్కటీ చూపించండి. మిగిలినవి అరచేత్తో కప్పండి.

జాదల్లా

తా.క. ఏలకులు ఎక్కువ కాలేదు.

షికాగో, మే 22

బాబాయి గారికి,

'శుక్రవారం దాకా ఉంచుకోండి' అన్న మాటను అనుమతి అంటారు బాబాయి గారూ. దాన్ని ఏలకుల పక్కన రాసుకుని, ఎవరూ అనుమతి ఇవ్వలేదని నాకు ఉత్తరం రాశారు.

నిన్న మీరూ విన్నారు. టైమూ కప్పుల లెక్కా చదివేసరికి డీన్ ఒప్పుకోక తప్పలేదు. పిల్లలందరికీ పట్టాలు వస్తాయి. బుధవారం ఒక్కటే చదివాను. కానీ కమిటీ వాళ్ళు పేజీ చేతికి తీసుకున్నారు. అరచెయ్యి చాల్లేదు, మన్నించండి.

అసలు సంగతి ఇది. అంతా అయ్యాక కమిటీ అధ్యక్షురాలు నన్ను పక్కకు పిలిచింది. మీ మీద నోటీసును మే 6నే రద్దు చేశారట. రిజిస్టరు పోస్టులో పంపారట, మీ సంతకం కూడా చూపించింది. మరి నిందితుల వరుసలో పదకొండో కుర్చీలో మూడు గంటలు ఎందుకు కూర్చున్నారు? మిమ్మల్ని ఎవరి తాతగారో అనుకుని ఆవిడ ఊరుకుందట. లేని మీ కేసుకు నేను రెండు వారాలు వాదన తయారుచేశాను.

కోపం లేదు. ఎందుకో చెప్పండి. ఫైలు మూసేయాలి.

నుహా

బ్రిడ్జ్‌వ్యూ, జూన్ 2

అమ్మా నుహా,

ఆ ఉత్తరం నాకు ముట్టింది. సంతకం పెట్టమని పోస్టుమాన్ రెండు మాటలు మాట్లాడాడు కూడా. 'మీరు విద్యార్థి కారు కనుక మీతో మాకు ఏ సంబంధమూ లేదు' అని ఉంది. మీరు పంపిన వాక్యమే, నా సంతకం లేకుండానే వాళ్ళు రాసుకున్నారు.

ఫీజు లేనివాళ్ళ పేర్లు క్లాసు హాజరులో పిలవరు. రెండేళ్ళలో యూనివర్సిటీ నా పేరు పూర్తిగా రాసింది ఒక్క నేరం నోటీసులోనే. దాన్ని రద్దు చేశారని మీకు చెబితే మీరు సంతోషించి ఫైలు మూసేసేవారు. విచారణ గదిలోకి నిందితులకు తప్ప ప్రవేశం లేదని నోటీసు వెనక ఉంది. పిల్లలు లోపల, నేను బయట.

నా ఎడమ పక్కన లమీస్ కూర్చుంది. రెండో గంటలో నిద్రపోయింది. నాకు దగ్గు వచ్చింది, ఆపుకున్నాను.

మీ పెద్ద వకీలు గారు, పోయేదేముందని అడిగారు కదా. జవాబు ఆ పేజీలో మొదటి వరుసలోనే ఉంది. మీరు అరచెయ్యి తీశాక చదివే ఉంటారు.

పిల్లలు పట్టాలు తీసుకుని ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. నేను మిగిలిన అరవై పేర్లూ ఇంట్లో చదివాను. తిరిగి అనేవాళ్ళు లేరు. మీ ఉత్తరం వచ్చిన రోజు, అది మాట కిందికి వస్తుందా రాదా అని చాలాసేపు ఆలోచించి, వస్తుందని రోజు పుస్తకంలో రాసుకున్నాను.

ఇట్లు,
జాదల్లా మనాస్రా, ఏ నేరమూ లేనివాడు

తా.క. ఫైలు మూయడానికి చట్టప్రకారం మీకెన్ని రోజుల గడువు ఉంటుందో తెలియజేయగలరు. ముప్పై రోజులుంటే ముప్పై రోజులూ వాడుకోండి.