నిమిరితే వాపు పోతుందా

ఫిబ్రవరి 3
ఆయన మోకాలు నిన్నటికంటే నయం. అబ్బాయికి జలుబు. కోడలికి ఆఫీసు తలనొప్పి. నెలలు నిండుతున్న అమ్మాయికి కాళ్ళు వాచాయట, బీపీ చూపించుకున్నావా అంటే విసుక్కుంటుంది. నా సంగతే బాగాలేదు. రొమ్ము ఆపరేషన్ అయ్యాక ఎడమచెయ్యి దిండులా ఉబ్బింది. రవికలోకి దూరదు. ఆయన చొక్కా వేసుకుని తిరుగుతున్నాను.

ఆ చేత్తో పురిటికొచ్చి ఏం చేస్తావమ్మా, నేను ఇద్దరు పసిపిల్లల్ని చూసుకోవాలా, అంది అమ్మాయి ఫోన్లో. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 6
కోడలు మసాజ్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. లింఫ్ డ్రైనేజ్ అట, చేతిలో నిలిచిపోయిన నీటిని కదిలించే మసాజు. మసాజు చేసే అమ్మాయి ముందు అన్నీ అడిగింది. గుండెజబ్బుందా, కిడ్నీలు బాగున్నాయా, ఎక్కడైనా రక్తం గడ్డకట్టిందా. ఇన్ని అడిగిందంటే ఏదో ప్రమాదం ఉన్నట్టే కదా!  తీరా చూస్తే మెడ మీద, అవతలి చంక దగ్గర, చేతి మీద అలా నిమిరింది. పిల్లిని నిమిరినట్టు. కాస్త గట్టిగా నొక్కమ్మా అన్నాను. నొక్కితే చర్మం కింద నీరు కదలదు మామ్మగారూ, ఇది ఒళ్ళునొప్పుల మసాజు కాదు, అంది. పట్టీ చుట్టింది. చెయ్యి ఎర్రబడినా, జ్వరమొచ్చినా నా దగ్గరికి రాకండి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి అంది.

ఇంటికొచ్చి చూసుకుంటే దిండు దిండే.

ఫిబ్రవరి 7
తగ్గలేదు.

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం
నా సణుగుడు వినలేక ఆయనకు పౌరుషం వచ్చింది. ఈమాత్రం నిమరడానికి సెంటరెందుకు, నేను చచ్చానా అన్నారు. పట్టీ విప్పి, నూనె రాసి, తడిబట్ట పిండినట్టు పిండారు. నొప్పిగా ఉందండీ అంటే, నొప్పెడితేనే పనిచేస్తున్నట్టు అన్నారు. నేనూ నమ్మాను.

ఫిబ్రవరి 10
చెయ్యి ఎర్రగా కందిపోయింది. నిప్పులా కాలుతోంది. ఒళ్ళు కూడా వెచ్చగానే ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపటి మసాజు ఆపేస్తారు. పురిటికి ఇంకెన్నాళ్ళుంది?

ఫిబ్రవరి 11
చొక్కా చెయ్యి పైకి లాగానో లేదో, మసాజు అమ్మాయి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. జ్వరముందా అంది. లేదన్నాను. నుదురు ముట్టుకుని చూసింది. ఇంత చెప్పినా దాచారేమిటి మామ్మగారూ, ఇన్ఫెక్షన్ మీద మసాజు చేస్తే ఇంకా పాకుతుంది, ఇవాళ చెయ్యనంటే చెయ్యను అంది. కోడలు అటునుంచి అటే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. దారిలో ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు పెట్టింది. తిట్టినా బాగుండేది. యాంటీబయాటిక్స్ రాశారు. ఈయనేమో అక్కడికొచ్చి, ఆ నూనెలోనే ఏదో తేడా ఉంది డాక్టరుగారూ అన్నారు. కోపం నషాళానికంటింది.

ఫిబ్రవరి 20
డాక్టరు సరేనన్నాక మళ్ళీ వెళ్ళాను. నిమిరింది. నోరు మూసుకుని పడుకున్నాను. వాపు పూర్తిగా పోదట, అదుపులో పెట్టుకోవాలట, పట్టీ తియ్యకూడదట. ఆపరేషన్‌నాడే ఈ ముక్క ఎవరైనా చెప్పి చావచ్చుగా!

మా అమ్మాయికి ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పేశాను. పిండించుకున్నదీ, దాచిందీ. వినగానే పెట్టేసింది.

ఫిబ్రవరి 22
తనే ఫోన్ చేసింది. బిడ్డను ఎత్తుకోనివ్వదట. నువ్వు కూర్చో, ఒళ్ళో నేను పెడతాను అంది. పురిటికి మార్చి అయిదున రమ్మంది.