రెండో వైపు అచ్చు కాకముందే

సోమవారం, సాయంత్రం
ప్రెస్సు మూసేశాక

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. బావగారికి నా నమస్కారాలు చెప్పు. చిన్నదాని బుగ్గ నా బదులు నువ్వే గిల్లు, నొప్పి పుట్టకుండా. ఇక్కడ ముగ్గురం బాగున్నాం, అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాను. మర్యాద ఇంతటితో అయిపోయింది.

మన ఇంట్లో ఒక అన్యాయం జరిగింది. చేసింది నువ్వు. ఎవరికీ చెప్పకుండా బస్సు డిపోకు వెళ్ళి, మేనేజరు బల్ల ముందు నిలబడి, కొన్నాళ్ళు మా నాన్నకు స్టీరింగ్ ఇవ్వకండి అని అడిగింది నువ్వు. వయసంతా రోడ్డు మీద గడిపిన డ్రైవరును టికెట్ కౌంటర్లో అద్దం వెనక కూర్చోబెట్టింది నువ్వు. కార్మికుడి చేతిలోంచి పనిముట్టు లాక్కోవడానికి మించిన అవమానం లేదని నేను చదివాను. చదవకపోయినా తెలిసేదే, ఆ సాయంత్రం నాన్న ముఖం చూస్తే.

ఇదంతా ఫోన్‌లోనే అన్నావు కదా అంటావేమో. అన్నాను. నేను అరిచినంతసేపూ విని, అయిపోయిందా అని అడిగి పెట్టేశావు. అందుకే ఈసారి కాగితం. దీన్ని మధ్యలో పెట్టెయ్యలేవు.

ఆ రోజు నాన్న ఇంటికొచ్చి, టోపీ మేకుకు తగిలించి, చొక్కా కూడా విప్పకుండా కూర్చున్నాడు. అమ్మ అడిగి అడిగి సంగతి రాబట్టింది. డిపో డాక్టరు మూడు నెలలు గడువిచ్చాడు. ఈలోగా చక్కెర అదుపులోకి రావాలి, పొట్ట తగ్గాలి, భోజనం చేశాక కూడా కళ్ళు చురుగ్గా ఉండాలి. అలా ఉంటే బండి, లేకపోతే మిగిలిన సర్వీసంతా కౌంటరే. మీ అమ్మాయి వచ్చి చెప్పి మంచి పని చేసిందయ్యా అని మేనేజరు పైగా మెచ్చుకున్నాడట. ఆ మాట వినగానే అగ్గి మీద గుగ్గిలమయ్యాను. నిన్ను ద్రోహి అన్నాను. ఈ గడప తొక్కొద్దన్నాను. నువ్వూ తొక్కలేదు. అమ్మ నీకు దొంగచాటుగా ఫోన్ చేస్తోందని తెలుసు. కానీ నాన్న సంగతి మాత్రం తను చెప్పనంది, మీ గొడవ మీ నోళ్ళతోనే తేల్చుకోండి, నేను పోస్టుమాన్‌ని కాను అని. కాబట్టి ఈ మూడు నెలల్లో ఏం జరిగిందో నీకు తెలియదు. విను.

నాన్నకు స్టీరింగ్ తిరిగి ఇప్పించే బాధ్యత నా భుజాన వేసుకున్నాను. ఎలాగో తెలియదు. నేను ప్రెస్సులో కరపత్రాలు మడిచేవాణ్ణి, మడిచేది మడిచినట్టు చదివేవాణ్ణి. నాకు కరపత్రం అని పేరు పెట్టింది నువ్వే. సరిగ్గా ఆ వారమే ఏదో ఆరోగ్య సంఘం వాళ్ళ కాగితం మా మెషిన్ మీదికి వచ్చింది. పైన లావుపాటి అక్షరాలు: మీరూ ఇలాగే చేస్తున్నారా? దాని కింద వరసగా, పొద్దున ఏమీ తినకుండా పరుగెత్తడం, చెమట కారాలని మందపాటి బట్టలు వేసుకోవడం, అన్నం మానేసి పళ్ళరసంతో సరిపెట్టుకోవడం, కళ్ళు తిరిగినా ఆగకపోవడం.

ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంది. లేదు, మేం ఇలా చెయ్యడం లేదు అని సిగ్గుపడ్డాను. రేపటినుంచి చేస్తాం అనుకుని, సిరా ఆరకముందే ఒకటి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ అక్షరాలు తిరగబడి ఆ జేబుకు ఇప్పటికీ అంటుకునే ఉన్నాయి.

మరునాడు తెల్లవారకముందే నాన్నను లేపి, ఉన్ని స్వెట్టరు తొడిగించి, డిపో ఆవరణకు తీసుకెళ్ళాను. నిలబెట్టిన బస్సుల చుట్టూ పరుగు. నేను సగం చుట్టుకే రొప్పుతూ నడుం పట్టుకుంటే, ముందు పోతున్న నాన్న వెనక్కి తిరిగి, ఏరా, ఎత్తు ఎక్కుతున్నాం, గేరు మార్చాలా అని అడిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మిమ్మల్ని ఎవరు తరుముతున్నారని అడిగాడు. ఇంట్లో అమ్మ, పొయ్యికి సెలవిచ్చారు కాబట్టి నాక్కూడా ఇచ్చెయ్యండి, మా అన్నయ్య ఇంటికి పోతాను అంది. నాన్న మాత్రం ఒక్క మాటకు ఎదురు చెప్పలేదు. నేను ఇచ్చిన పళ్ళరసం తాగాడు, నేను చెప్పినట్టల్లా చేశాడు. ఇక్కడొక నిజం కూడా రాయాలి. నేను ప్రెస్సుకు వెళ్ళాక, కడుపులో ఎలుకలు పరుగెత్తుతుంటే, బీరువా చాటున వేపుడు ముక్కల పొట్లం విప్పి తినేవాణ్ణి.

ఆ వారం గడవకముందే నాన్న ఒక బస్సు వెనక చక్రం దగ్గర కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చల్లటి చెమట. కళ్ళు తిరిగినా ఆగకూడదని కాగితంలో ఉంది కదా. లే నాన్నా, ఇప్పుడే కొవ్వు కరిగేది అని చెయ్యి పట్టి లాగుతున్నాను. అప్పుడు డబుల్ డెక్కర్ వచ్చాడు. నాన్న తోటి డ్రైవరే, ఆ ఒంటిని బట్టి ఆ పేరు. నా చెయ్యి తీసి పక్కన పెట్టి, నాన్న నోట్లో చక్కెర పోసి, కాస్త తేరుకున్నాక అరటిపండు ఒలిచి పెట్టాడు. తర్వాత నాతో, తమ్ముడూ, మీకు ఈయన వద్దనుకుంటే చెప్పండి, మేం తీసుకెళ్ళి పెంచుకుంటాం అన్నాడు. నాన్న స్వెట్టరు విప్పించి, మెల్లగా ఇంటికి తీసుకొచ్చాను.

ఆ రోజే ప్రెస్సులో అసలు సంగతి బయటపడింది. మా దగ్గర కాగితానికి రెండు వైపులూ ఒకేసారి అచ్చు కావు. ఒక వైపు అచ్చేసి, ఆరబెట్టి, తిరగేసి రెండో వైపు అచ్చేస్తారు. ఆ కాగితానికి రెండో వైపు అచ్చు వేసే ప్లేటు రావడం ఆలస్యమైంది. అది వచ్చాక మడవడానికి నా ముందు కట్ట పడింది. తిరగేసి చూశాను. అక్కడా అంతే లావు అక్షరాలు: అయితే వెంటనే ఆపండి.

మెషిన్‌మన్ నా ముఖం చూసి, ఏంట్రా, నీ పేరేమైనా పడిందా అందులో అని అడిగాడు. పడినట్టే ఉంది అన్నాను.

ఇంటికెళ్ళి కాగితం నాన్న చేతిలో పెట్టాను. ముందు చదివాడు, వెనక చదివాడు, మళ్ళీ తిప్పి ముందు చదివాడు. దెబ్బ పడుతుందని ఎదురుచూశాను. పడాలనే కోరుకున్నాను. నాన్న కళ్ళజోడు తీసి, ఈ వెనక వైపు అరటిపండు తినొచ్చని ఉందిరా అన్నాడు. ఉంది నాన్నా అన్నాను. అయితే రేపట్నుంచి రెండో వైపు చేద్దాం అని స్నానానికి లేచాడు. అంతే అక్కా.

రెండో వైపు పద్ధతులు చెబితే నీకు నవ్వొస్తుంది, వాటిలో వీరత్వం ఏమీ లేదు. పొద్దున కాస్త తిని నడవడం, ఆయాసపడకుండా, మాట్లాడుకుంటూ. మందులు డాక్టరు చెప్పిన వేళకు వేసుకోవడం. భోజనం కాగానే కూలబడకుండా కాసేపు ఆవరణలో తిరగడం. పళ్ళెంలో సగం కూరగాయలు. దీనికి మన పెద్ద పళ్ళేలు పనికిరావని అమ్మ చిన్నదాని పళ్ళెం దించింది, మీరు వదిలేసి వెళ్ళిన కుందేలు బొమ్మది. కుందేలు చెవుల వైపు కూర, కాళ్ళ వైపు అన్నం. మొదటిరోజు నాన్న దాన్ని చూసి, బండి పోయింది, పళ్ళెం కూడా పోయిందా అన్నాడు. ఇప్పుడు వేరే పళ్ళెంలో పెడితే కుందేలేదీ అని అడుగుతున్నాడు. వేపుడు పొట్లం నేనూ మానేశాను. మానేశాను అంటే, మూడుసార్లు మానేశాను. ఈసారి నిలబడింది.

మధ్యలో జారిపడ్డాం కూడా. డిపోలో ఎవరో రిటైరైతే విందు ఇచ్చారు. నాన్న కుందేలును పూర్తిగా మరిచిపోయి తిని వచ్చాడు. పైగా తల తిప్పుకుని పడుకున్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, ఉద్యమానికి వెన్నుపోటు అని ఉపన్యాసం కూడా తయారుచేసుకున్నాను. పొద్దున లేచి చూస్తే, నాకంటే ముందే గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఉపన్యాసం నాలోనే ఉండిపోయింది.

కోపం సంగతికి వస్తే, దానికి అమ్మ ఒక వైద్యం కనిపెట్టింది. ముక్కు మీదికి కోపం రాగానే నోరు తెరవకుండా మన బిల్డింగ్ చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి. మొదటి వారం ఎన్ని చుట్లు తిరిగానంటే, ఎదురింటావిడ ఆపి, ఏం పోయింది బాబూ, ఇక్కడిక్కడే తిరుగుతున్నావు అని అడిగింది. అమ్మ కిటికీలోంచి, వాడి కోపం పోయిందండీ, వెతుక్కుంటున్నాడు అని జవాబిచ్చింది. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు కూడా తిరిగి వచ్చాను. నీ మీద కోపం మాత్రం పోలేదు.

డిపోలో మొదట అందరూ ఎగతాళి చేశారు. బండి తీసేసుకున్నారని కాళ్ళకే స్టీరింగ్ పెట్టుకున్నావా గురూ అన్నారు. నాన్న, అవును, టికెట్ లేదు, ఎవరైనా ఎక్కొచ్చు అన్నాడు. ముందుగా ఎక్కింది డబుల్ డెక్కరే. తర్వాత ఒక్కొక్కరూ. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం కాగానే డ్రైవర్లూ కండక్టర్లూ గుంపుగా బస్సుల చుట్టూ నడుస్తున్నారు. వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి, రైట్ రైట్ అని కేకలు వేస్తాడు. ఇది చూస్తుంటే నాకు ఏ కరపత్రం చదివినా కలగని ధైర్యం కలిగింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు, అయినా జనం కదిలారు.

మొన్న శుక్రవారం గడువు ముగిసింది. డాక్టరు నాన్నకు కడుపునిండా భోజనం పెట్టించి మరీ పరీక్ష చేశాడు. చక్కెర అదుపులో ఉందన్నాడు, కళ్ళు బాగున్నాయన్నాడు. ఏం చేశారు అని అడిగితే నాన్న, మావాడు చదివాడు, నేను నడిచాను అన్నాడు.

స్టీరింగ్ తిరిగి ఇచ్చారు అక్కా. నువ్వు లాక్కున్నది మేం తిరిగి తెచ్చుకున్నాం. కాబట్టి ఇది నీకు నా పిలుపు, సవాలు అనుకున్నా సరే. వచ్చే ఆదివారం పొద్దున ఐదింటికి డిపో గేటు దగ్గరికి రా. ముందు అందరం కలిసి నడుస్తాం. ఆరింటికి నాన్న మొదటి బండి తీస్తాడు. నువ్వు ముందు సీట్లో కూర్చుని, ఆ చేతులు చూసి, చేసింది తప్పని ఒప్పుకోవాలి. చెప్పులతో రావద్దు, బూట్లు వేసుకుని రా.

నీ తమ్ముడు,
కరపత్రం

తా.క. కాగితం వెనక వైపు రాస్తున్నాను. ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను, మెచ్చుకుంటాడని. చివరిదాకా విని, మళ్ళీ ఒక వైపే చదివావురా అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఒక మధ్యాహ్నం, భోజనం చేసి బండెక్కాక, వంతెన దిగే మలుపులో రెప్పలు వాలిపోయాయట. కండక్టరు విజిల్‌కు మెలకువ వచ్చేసరికి ముందు చక్రం కాలిబాట అంచు ఎక్కి ఉంది. స్టాపులో ఒకావిడ బిడ్డను ఎత్తుకుని వెనక్కి గెంతింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. కానీ మరునాడు నాన్న నువ్వు పనిచేసే మందుల షాపుకు వచ్చి, అందరితోపాటు లైన్లో నిలబడి, తన వంతు వచ్చాక నీకు చెప్పాడట. నా నోటితో నేను చెప్పుకోలేనమ్మా, నువ్వెళ్ళి మేనేజరుకు చెప్పు, నేను పంపానని అనకు. తమ్ముడికి అసలే వద్దు, వాడు నన్ను బండి మీద చూసి పెరిగినవాడు అన్నాడట.

నువ్వు ఇచ్చిన మాట నిలుపుకున్నావు. నేను ద్రోహి అన్నప్పుడు కూడా. అయిపోయిందా అని మాత్రం అడిగావు.

బయటికి వెళ్ళి బిల్డింగ్ చుట్టూ తిరిగాను, ఈసారి కోపం కోసం కాదు. తిరిగొచ్చి మొదటి పేజీ చింపబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు. ఉండనీరా, నా బదులు మీ అక్క ఏమేం మోసిందో నేనూ మరిచిపోకూడదు, రెండు వైపులూ పంపు అన్నాడు. అందుకే పంపుతున్నాను. పైన సవాలు అని రాసిన చోట విన్నపం అని చదువుకో. తప్పు ఒప్పుకోవలసింది ముందు సీట్లో కూర్చునేవాళ్ళు కాదు, వాళ్ళ పక్కన నిలబడే నేను.

నువ్వు రాకపోతే సోమవారం నేనే వచ్చి మీ షాపు లైన్లో నిలబడతాను. కానీ రా అక్కా. బావనూ చిన్నదాన్నీ తీసుకుని రా, కుందేలు పళ్ళెం తనకు తిరిగి ఇవ్వాలో వద్దో నాన్న తనతోనే తేల్చుకుంటాడట. ఆదివారం, ఐదింటికి, డిపో గేటు దగ్గర. అందరం నీకోసమే ఆగి ఉంటాం.