సైదులు పటం దించిన సంగతి

కోదాడ

తమ్ముడు లింగయ్యకు అక్క సైదమ్మ దీవెనలు. ఇక్కడ నేను, కొడుకు నాగేశు, కోడలు స్వప్న, మనవడు చిన్నోడు అందరం బాగున్నాం. పెద్దవూరలో నువ్వు, మరదలు, పిల్లలు బాగున్నారనే అనుకుంటున్నాను. అనుకుంటున్నాను గాని నీ మోకాలి సంగతి తలచుకుంటే ముద్ద దిగదు. నూనె రాస్తున్నావా? చిన్నమ్మ బీపీ గోలీలు మరువకుండా వేసుకుంటున్నదా? మరదలిని రోజూ అడగమను. బర్రె ఈనిందా? దూడ నిలబడిందా?

మొన్న ఫోన్లో కోప్పడి పెట్టేశావు. "నువ్వు పుట్టిందే జాన్‌పహాడ్ సైదులు మొక్కుకు. ఆయన పటం నీ చేతుల్తోనే దించినవా?" అన్నావు. నీకు ఫోన్లో సగం మాటలు వినబడవు, మిగతా సగం నువ్వు విననివ్వవు. అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదివి, అప్పుడు కోపం ఉంటే ఉంచుకో.

మిల్లులో నాగేశు పని బాగానే సాగుతున్నది. ఈ సర్కారు ఇండ్లలో మాది కిందిది, మెట్లు ఎక్కే పని లేదు, భయపడకు. నీళ్లు రోజూ వస్తున్నాయి. హైవే మీద లారీల మోత మొదట్లో గుండెల మీదే పోతున్నట్టు ఉండేది, ఇప్పుడు అలవాటైంది. ఎండ మాత్రం మన దగ్గర లాగే చంపుతున్నది. జొన్నరొట్టె లేదు, మిల్లు బియ్యమే మూడు పూటలా. వచ్చిన కొత్తలో మాట్లాడే మనిషి లేక గోడతో మాట్లాడాను. తర్వాత మా మీది ఇంట్లో ఉండే ఫాతిమా దొరికింది. రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చుంటాం. నాకు గుబులు ఎక్కువ, ఆమెకు నవ్వు ఎక్కువ.

మా ఇంటి పక్కనే సర్కారు కట్టించిన హాలు ఉంది. పెండ్లి మాటలైనా, పుట్టినరోజైనా అందరూ అందులోనే చేసుకుంటారు, ఇండ్లు ఇరుకు కదా. వినాయక చవితికి ఆటో నడిపే మహేశు వాళ్లు అందులో గణపతిని పెట్టారు. తొమ్మిది రోజులు నేనూ పోయి హారతి తీసుకున్నాను. నిమజ్జనమైంది. కానీ గోడకు మేకు కొట్టి పెట్టిన పెద్ద గణపతి పటం అట్లాగే ఉండిపోయింది. తర్వాత ఫాతిమా బిడ్డ నిశ్చితార్థం వచ్చింది. ఒక్క పూట పటం పక్కకు పెట్టమని అడిగింది. మహేశు ఒప్పుకోలేదు.

"దేవుణ్ణి దింపుడేంది? గట్లయితే మీ ఇంట్ల జేసుకోరాదు!"

"మా ఇంట్ల ఎనిమిది మంది కూసుంటే తొమ్మిదోళ్లు గోడెక్కాలె మహేశూ."

మొదట నవ్వుకుంటూనే అనుకున్నారు. తర్వాత మాట ముదిరింది. ఆదివారం ప్రార్థన చేసుకునేవాళ్లు మేమూ సిలువ పెడతామన్నారు. చివరికి ఆఫీసు వాళ్లు వచ్చి హాలుకు తాళం వేసి పోయారు.  చిన్నోడి పేరున సైదులుకు మొక్కిన కందూరు దగ్గరపడింది. మేకను కోసి నలుగురికి అన్నం పెడతానని మొక్కుకున్నది నేను. ఇంత మందిని ఎక్కడ కూర్చోబెట్టాలి? మొక్కు తీరకపోతే పిల్లగాడికి ఏమవుతుందో అని రోజుకు పదిసార్లు వాడి నుదురు పట్టుకుని చూశాను. స్వప్న విసుక్కుంది కూడా.

ఆఫీసు మేడం హాలు తెరిపించి మీటింగు పెట్టింది. ఆమెది ఎక్కడో ఆదిలాబాదు వైపు, మన దగ్గరి పద్ధతులు తెలియవు. ఇటు ఒకరు, అటు ఒకరు ముందుకొచ్చి మాట్లాడమన్నది. నా పేరు అడిగింది, చెప్పాను. "సైదమ్మగారూ, మీరు ఫాతిమాగారి పక్కకు రండి" అన్నది. హాలు మొత్తం ఒకటే నవ్వు. మహేశు కూడా నవ్వాడు.

"మేడం, ఆమె మావోళ్లే. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కితే పుట్టినోళ్లకు ఈడ గట్లనే పేరు పెడ్తరు."

ఫాతిమా ఊరుకుంటుందా? "పేరేమో మా దిక్కుది, బొట్టేమో మీ దిక్కుది. తాళంచెవి ఆమెకే ఇయ్యిండ్రి మేడం. ఇంటికి తాళం ఏసి నాలుగుసార్లు గుంజి సూస్తది, హాలు తాళం గూడ గుంజుతది" అన్నది. మేడం తాళంచెవి నా చేతికే ఇచ్చింది. తమ్మీ, నా గుబులు ఒకరికి పనికొస్తుందని ఆ రోజే తెలిసింది.

పటాలన్నీ తీసేయాలని మేడం అన్నప్పుడు నేనే అడిగాను: "బతుకమ్మకు చీరలిచ్చింది, రంజానుకు బట్టలిచ్చింది గీ సర్కారే గదమ్మా? మరి పటానికి ఎందుకు అడ్డం?"

మేడం కోప్పడలేదు. "చీర మీ ఇంటికి పోతది, అవ్వా. గోడ ఎవరింటికీ పోదు గదా. ఇంట్లో మీరు ఎవరికి మొక్కినా సర్కారు అడగదు, అడగొద్దు కూడా. కానీ సర్కారుకంటూ ఒక మొక్కు ఉండదు. ఎవరి పండుగైనా ఈ హాల్లో చేసుకోండి. అయినంక ఎవరిది వాళ్లు తీసుకపోండి."

అందరూ సరేనన్నారు. మహేశు తన పటం ఇంటికి తీసుకుపోయాడు గాని, తాళంచెవి నేను పట్టుకున్నానని నాతో మాట మానేశాడు. ఫాతిమా బిడ్డ నిశ్చితార్థం బాగా జరిగింది. నేను పోయి సేమియా తిన్నాను.

తర్వాత మన కందూరు. జాన్‌పహాడ్ పోయి దర్గాలో ఫాతిహా ప్రార్థన చదివించుకుని వచ్చి, హాల్లో భోజనాలు పెట్టాం. నాగేశు దర్గా పటం తెచ్చి ఆ మేకుకే తగిలించాడు. అందరూ తిన్నారు, మహేశు కూడా తలవంచుకునే తిని పోయాడు. ఊడ్చి తాళం వేసేటప్పుడు పటం దించమన్నాను.

"ఉండనియ్యే అమ్మా! సైదులుకు అందరు మొక్కుతరు. ఎవరు వద్దంటరు?" అన్నాడు నాగేశు.

నిజమే, ఫాతిమాతో సహా ఎవరూ వద్దనలేదు.  నాకు కూడా ఉంచాలనే ఉంది తమ్మీ, అబద్ధమెందుకు? కానీ మహేశు కూడా తన దేవుణ్ణి దింపనని ఇట్లాగే అన్నాడు కదా. సిలువ పెడతామన్న వాళ్లు మనకు మొక్కుతారా? తాళంచెవి నా కొంగున ఉండి, నా దేవుడు ఒక్కడే గోడ మీద ఉంటే, అది హాలెట్లా అవుతుంది? మన ఇల్లు అవుతుంది. స్టూలు వేసుకుని నేనే ఎక్కాను. చెంపలు వేసుకుని పటం దించి నాగేశు చేతికిచ్చాను. మేకు కూడా పీకుదామని పట్టకారుతో గుంజుతున్నాను, రాదు. స్టూలు ఊగింది. కింద ఎవరో పట్టుకున్నారు. చూస్తే మహేశు, తిని పోయినవాడు ఎప్పుడు తిరిగొచ్చాడో.

"దిగు పెద్దమ్మా, పడి నడుం ఇరగ్గొట్టుకుంటవు. కొట్టింది నేను, నేనే పీకుత" అన్నాడు. పీకి జేబులో వేసుకుని పోయాడు. తెల్లారి నుంచి మళ్లీ పలకరిస్తున్నాడు.

పటం ఇప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బా పైన ఉంది. రోజూ ఊదుబత్తి వెలిగిస్తున్నాను. చిన్నోడు ఆడుకుంటున్నాడు, జ్వరం లేదు, దగ్గు లేదు. ఇప్పటికీ నుదురు పట్టుకుని చూస్తూనే ఉన్నాను, అది వేరే సంగతి. సైదులుకు కోపం రాలేదు తమ్మీ. ఆయన మొక్కుకు పుట్టిన దాన్ని, ఆ మాత్రం నాకు తెలుస్తుంది.

కోపం తగ్గితే మరదలితో కలిసి రా. వచ్చేటప్పుడు కొంచెం జొన్నపిండి, చింతపండు పట్టుకురా. బస్సులో కిటికీ పక్క కూర్చోకు, గాలి పడదు నీకు. చిన్నమ్మ కాళ్లకు నా దండం చెప్పు, నన్ను దీవించమను. ఆ చల్లని మాట ఉంటే నాకు ధైర్యం. పిల్లలకు ముద్దులు.

మేకు తీసిన చోట సున్నం పూశాను గాని మచ్చ కనబడుతూనే ఉంది. ఇంతకుముందు హాలుకు వచ్చినవాళ్లు గడప దగ్గర ఆగి, ముందు గోడ మీద ఎవరి పటముందో చూసేవాళ్లు. ఇప్పుడు ఎవరూ ఆగడం లేదు. చెప్పులు విడిచి నేరుగా లోపలికి వస్తున్నారు.

నీ మేలు కోరే అక్క,
సైదమ్మ