కొడుకు వంతు పాట

శనివారం రాత్రి, తారానగర్

సాయంత్రం పక్కింటి హనుమంతప్ప పాటల డిస్కు తెచ్చాడు, వాయిద్యాలు మాత్రం మోగుతాయి, తెర మీద మాటలు చూసి మనం పాడాలి. గొంతు మీద నమ్మకం లేని పెద్దోళ్ల కోసమట. తక్కువ శ్రుతి, చిన్న మాటలు, మధ్య మధ్య ఊపిరి తీసుకునే సందు.

కొడుకు డేవిడ్ పోయినప్పటి నుంచి మా ఆయన చర్చిలో కూడా పెదవి కదపలేదు. ఆ గొంతు మళ్లీ వింటానో లేదో అని నా దిగులు.

డేవిడ్ గని జీతంతో కొన్న టీవీ మీద ఎర్ర దుమ్ము తుడిచి, మైకు ఈయన చేతికిచ్చాను.

"పాడప్పా, ఈడ ఎవరుండారు? నా గొంతుకు గాడిదలే తిరిగి చూస్తాయి," అన్నాడు హనుమంతప్ప.

ఈయన నవ్వాడు. అది జంట పాట. పల్లవి మెల్లగా ఎత్తుకున్నాడు. తెర మీద "మగ" అని రాగానే ఆగిపోయాడు. వాయిద్యాలు ఒంటరిగా సాగిపోయాయి.

"ఏందప్పా, నిలిపేస్తివి? అది నీ వంతే!"

"మగ అని ఉండాది కదా. అది వానిది."

ఈయన చదివింది కన్నడ బడి. కన్నడంలో మగ అంటే కొడుకు. హనుమంతప్ప తల దించుకున్నాడు. నేనూ దిద్దలేదు. ఆ చరణమంతా ముగ్గురం వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాం. వాడు పాడుతున్నట్టే ఉంది.

తర్వాత "ఆడ" అని వచ్చింది. నా వంతు. మా మాటలో ఆడ అంటే అక్కడ. అక్కడికి వినిపించాలని గట్టిగా పాడాను. సగంలో ఈయన గొంతు కలిసింది.

వాడికి వినపడిందో ఏమో...