తమ్ముడి పాత బూట్లు

పాలు కాచి మూత పెట్టాను, నువ్వు లేచాక ఫ్రిజ్‌లో పెట్టు. బాల్కనీ ఊడ్చేశాను. పూలకుండీ వెనకాల నేను దాచే సిగరెట్ పెట్టె సంగతి నీకెలాగూ తెలుసు, దాన్ని కూడా చెత్తబుట్టలో పడేశాను.

రాత్రి నువ్వు రిపోర్టుల సంగతి అడిగితే ఊరికే కసురుకున్నాను. తమ్ముడి రిపోర్టు నిన్న సాయంత్రమే వచ్చింది. రక్తాన్ని గడ్డకట్టించే ఆ ప్రోటీన్ వాడికి ఎంత ఉండాలో అంతే ఉంది. నాకే హద్దు దాటింది. అచ్చుగుద్దినట్టు పుట్టిన కవలలం కదా, "ఇది మా వంశంలోనే ఉంది, ఊరికే నా సిగరెట్ల మీద పడకు" అని ఇన్నాళ్లూ నీ నోరు మూయించాను. అది రుజువు చేద్దామనే వాణ్ణి కూడా పరీక్షకి లాక్కెళ్లాను. డాక్టరమ్మ ఒక్కటే మాట అంది: "పుట్టుకతో వచ్చింది ఇద్దరికీ ఒకటే. మిగతాది మీరు తెచ్చుకున్నదే." వాడు రోజంతా ఉత్తరాలు పంచుతూ తిరుగుతాడు, నేను టికెట్ కౌంటర్‌లో కుర్చీకి అతుక్కుపోతాను.

అంతటితో పోతే బాగుండేది. వాడి రిపోర్టు తెరుస్తున్నప్పుడు, వాడికీ ఎక్కువే ఉండాలని మనసులో కోరుకున్నాను. సొంత తమ్ముడికి. వాడేమో నా రిపోర్టు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇప్పుడు కింద నిలబడి పిలుస్తున్నాడు, నడకకి తీసుకెళ్తాడట. వెళ్తున్నాను. నేను అలా కోరుకున్న మాట వాడి దగ్గర అనకు.

అన్నట్టు, గుమ్మం దగ్గర నా చెప్పులు చూసి ఇంట్లోనే ఉన్నాననుకునేవు. వాడు తన పాత డ్యూటీ బూట్లు తెచ్చిచ్చాడు. నాకు సరిగ్గా సరిపోయాయి.