అది కారు నడుపుతుండగా ఫోన్ చేయవద్దు

అబ్బాయీ,

నీ కూతురు ఇవాళ కూడా కారు తీస్తోంది. పక్క సీట్లో నేనుంటాను. మేము ఇల్లు చేరేవరకు దయచేసి దానికి ఫోన్ చేయవద్దు. నిన్న మలుపు తిరుగుతుండగా నీ ఫోన్ మోగింది. ఎదురుగా లారీ వస్తున్నా అది ఒంటిచేత్తో స్టీరింగ్ పట్టుకుని ఫోన్ ఎత్తింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎందుకు ఎత్తావని గద్దించాను.

"ఎత్తకపోతే నాన్న ఊరుకుంటారా తాతయ్యా? ఎక్కడున్నావ్, ఎక్కడున్నావ్ అని చంపేయరూ!" అంది.

నీ ఆదుర్దాను తప్పుపట్టను. కానీ ఆ ఆదుర్దాయే దాని ప్రాణం మీదికి తెస్తుందేమోనని రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదు. అడగదలచినది అది బయలుదేరకముందే అడుగు.

నాన్న

మరొక మాట. ఈ చీటీ సంగతి దానికి చెప్పకు. తాతయ్యకు భయమన్నదే లేదని నమ్మి, ఆ ధైర్యంతోనే నడుపుతోంది.